ధర్మసాగర్ ఒడ్డున రాకెట్

1981 మార్చి. సుశీల హనుమకొండలో ఒక ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. అంతకుముందు ఏడాది శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరిన కబురు విన్నప్పటి నుంచి పిల్లలు ఆమెను వదల్లేదు. చివరికి అట్టగొట్టంలో పటాకుల మందు కూరి మూరెడు రాకెట్ తయారుచేశారు. ఇక ఎక్కడి నుంచి వదలాలన్నదే మిగిలింది.

"శ్రీహరికోటనే ఎందుకు తీస్కున్నరు మేడమ్?" అని అడిగింది శకుంతల, క్లాసులో అందరికన్నా చురుకైన పిల్ల.

"తూర్పు దిక్కంతా సముద్రమే. రాకెట్ తప్పినా నీళ్లల్లనే పడ్తది. మనకు గూడ అసొంటి జాగనే కావాలె."

కాలేజీ మైదానం చుట్టూ ఇళ్లు. ఎనుమాముల వైపు చేలల్లో ఎండిన పత్తికట్టె. పటం మీద వేలు కదుపుతూ కదుపుతూ సుశీల ధర్మసాగర్ చెరువు దగ్గర ఆగింది. పడమటి ఒడ్డు నుంచి వదిలితే ఎదురుగా అంతా నీళ్లే. కార్తీకంలో కాలేజీ వనభోజనాలకు వెళ్లినప్పుడు తన కళ్లతో చూసిందే.

ఆదివారం పొద్దున్నే పదిహేను మంది బస్సు దిగారు. నీళ్లు చాలా వెనక్కి పోయి ఉన్నాయి. నడుమ ఎండిన నేల, దాని మీద తుమ్మపొదల వరుస.

"ఫికర్ లేదు, ఖాళీ జాగనే గదా," అంది సుశీల.

రాకెట్ బుస్సున లేచింది. పిల్లలు కేకలు వేశారు. తాటిచెట్టంత ఎత్తుకు పోయి, పక్కకు ఒరిగి, పొదల అవతల పడింది. ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు, పొగ లేచింది. వెంటనే ఒక ఆడమనిషి అరుపు.

"అయ్యో, నా మనుమరాలు! లోపలున్నదే!"

సుశీల అరుపు వినిపించిన వైపు పరుగెత్తింది. పొదల వెనక దోసతీగల మధ్య ఒక చిన్న గుడిసె మండుతోంది. నీళ్లు దిగాక చెరువు అడుగున తోట వేసుకుని జనం అక్కడే ఉంటారని ఆమెకు తెలియనే తెలియదు. సమ్మమ్మ అనే ముసలామె నీళ్లబిందె పడేసి గుండెలు బాదుకుంటోంది. సుశీల కొంగు ముఖానికి చుట్టుకుని లోపలికి దూరింది. చీరతో కట్టిన ఉయ్యాల అంటుకుంది. చేతులు కాలుతున్నా లాగింది.

ఉయ్యాలలో ఎవరూ లేరు.

"అత్తా! పిల్ల నా కాడనే ఉన్నది!" నీళ్ల వైపు నుంచి కోడలు బక్కమ్మ పరుగెత్తుకొచ్చింది. చంకలో తడి ఒంటితో పసిపిల్ల. స్నానం చేయించడానికి అప్పుడే తీసుకుపోయిందట.

సమ్మమ్మ పిల్లను ఒళ్లంతా తడిమి చూసింది. తర్వాత వచ్చి సుశీల చెంప మీద కొట్టింది.

"ఈడ మనుషులుంటరని జర సూడనన్న సూడలేదా?"

"సూడలేదమ్మా," అంది సుశీల.

మర్నాడు ప్రిన్సిపాల్ దగ్గరకు తానే వెళ్లి జరిగింది చెప్పింది. రాకెట్లు అక్కడితో ఆగిపోయాయి. చేతులకు కట్లు ఉండగానే, వరసగా మూడు ఆదివారాలు పిల్లలతో తాటికమ్మలు మోయించి గుడిసె మళ్లీ కప్పించింది. మూడో వారం సమ్మమ్మ అందరికీ దోసకాయలు కోసి పెట్టింది. పసిపిల్లను ఎత్తుకోమని శకుంతలకు ఇచ్చింది. సుశీలకు ఇవ్వలేదు. సుశీల అడగనూ లేదు.