సున్నం పూసిన గుంత

బాబాయ్ గుంత తవ్వించాడంటే అందులో ఎవరో ఒకరు పడాల్సిందే. ఈసారి ఆయన ఎంచుకున్నది అక్కని.

గుంత ఆయన ద్రాక్షతోట నడుమ, మనిషి లోతున ఉంది. దిగడానికి నిచ్చెన. గట్టు మీద తెల్లగుడ్డ పరిచిన బల్ల. బల్ల మీద వైన్ గ్లాసులు. చెల్లెలికి నవ్వొచ్చింది. మట్టి శాస్త్రం ఆమె ఉద్యోగం. గుంతల్లోకి దిగి గోడలు గీకడమే ఆమె పని. పెళ్ళికూతురిలా ముస్తాబైన గుంతను చూడటం మాత్రం ఇదే మొదలు.

ఒకప్పుడు ఇదంతా తాత తోట. ఆయన పోయాక నడుమ గోడ లేచింది. పైభాగం బాబాయ్‌ది, కిందిభాగం అక్కది. ఈ కొండ పేరు ఎవరి సీసాల మీద ఉండాలో ఇవాళ వైన్ సంఘం హద్దు గీసి తేల్చేస్తుంది. హద్దు బయట పడితే అక్క వైన్‌కి పేరుండదు. ఊరూ పేరూ లేని రసంలా చవగ్గా బాబాయ్ తొట్టెల్లోనే పోయాలి. ఆయనకు కావలసిందీ అదే.

"కొండ గొప్పంతా సున్నపు నేలలోనే ఉందండీ. గోడ దాటితే ఉత్త కుండల మట్టి. మా అమ్మాయి అక్కడ ద్రాక్ష బదులు కుండలు చేసుకుంటే బాగుపడేది" అన్నాడు బాబాయ్.

సంఘం అధ్యక్షుడు గ్లాసు ఊపి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. "ఆహా! తడిసిన సుద్ద. నాలుక మీద రాయి కరుగుతోంది."

"రాయి నాలుక మీద కరగదు సార్. కరిగితే ఈపాటికి మీకు పళ్ళుండవు" అంది చెల్లెలు.

అక్క మోచేత్తో పొడిచింది. "నోరు మూసుకోవే. హద్దు గీసేది ఆయనే."

"రాయి రుచి వేర్లెక్కి గ్లాసులోకి రాదక్కా. వచ్చేట్టయితే మన పొలంలో ఎరువు రుచి కూడా వచ్చుండేది."

అధ్యక్షుడు గ్లాసు దించాడు. "నీ నోటికంటే పరీక్ష మేలమ్మా. దిగి చూడు."

ఆమె దిగింది. గుంత గోడంతా తెల్లగా ఉంది, మధ్య మధ్య రాళ్ళు. జేబులోంచి చిన్న సీసా తీసి గోడ మీద ఆమ్లం చుక్క వేసింది. సున్నం ఉంటే పొంగుతుంది. బుసబుసా పొంగింది. ఇంకోచోట వేసింది. అక్కడా అంతే.

పైన బాబాయ్ చంకలు గుద్దుకున్నాడు. "చదువు చదివి చదివి బాబాయ్ మాట నిజం చేశావే తల్లీ!"

అక్క ముఖం పాలిపోయింది. అధ్యక్షుడు పటం పరిచి, సరిగ్గా రెండు తోటల నడిమి గోడ దగ్గర పెన్సిల్ పెట్టాడు.

చెల్లెలు నిచ్చెన మీద కాలు పెట్టింది. కంటికి ఎదురుగా, గుంత అంచున తీగ వేలాడుతోంది. లేత ఆకులు పచ్చగా, నిగనిగలాడుతున్నాయి. ఆమె కాలు అక్కడే ఆగిపోయింది.

"బాబాయ్, మీ తీగల్ని అంటుకట్టిన వేరుమొక్క ఏది? మార్చారా?"

"నేనెందుకు మారుస్తాను? తాత నాటిందే. ఇటూ అటూ ఒకటే జాతి. చూడు, ఒక్క ఆకైనా పసుపెక్కిందేమో!"

"అదే నేనూ చూస్తున్నాను. ఈ వేరుమొక్కకి సున్నం పడదు. నిజంగా సున్నపు నేలైతే ఇనుము అందక, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి, ఆకంతా పసుపైపోవాలి. మీ తోట కామెర్లు తెలియని తోటలా ఉంది."

బాబాయ్ నవ్వు సగంలో ఆగింది. "నా చెయ్యి మంచిదే!"

"చెయ్యి మంచిదే. తాపీ పని కూడా బాగా వచ్చినట్టుంది."

ఆమె మళ్ళీ దిగి గోడను దగ్గరగా చూసింది. రెండు వరసల తీగల మధ్య తవ్విన గుంత ఇది. తెగిన వేర్లు గోడంతా మీసాల్లా పొడుచుకురావాలి. ఒక్కటీ లేదు. కత్తి గుచ్చి పక్కకి లాగింది. తెల్లటి పెచ్చు పలకలా ఊడి కాళ్ళ దగ్గర పడింది. వెనక ఎర్రమట్టి. అందులో తెగిన వేర్లు.

"పైన పటారం, లోన లొటారం" అంది అక్క.

"గోడ కూలకుండా పూయించానే!" అన్నాడు బాబాయ్.

"రాళ్ళు కూడా అందుకేనా పొదిగించారు, నగల్లాగా?"

అధ్యక్షుడికి ముఖం కందగడ్డయింది. నాలుక మీద కరిగిన సుద్ద ఎక్కడిదో ఆయనకి అర్థమైపోయింది. రబ్బరు తీసి పటం మీద బరబరా రుద్దాడు. "సున్నపు నేల కోసం వచ్చాను. అది లేకపోతే కొండ పేరు ఎవరికీ లేదు. పైవాళ్ళకీ లేదు, కిందివాళ్ళకీ లేదు."

అక్క గుంతలోకి వంగి పళ్ళు కొరికింది. "ఏమే, గెలిచానని సంబరపడి నన్నూ ముంచావు కదే!"

నిజమే. చెల్లెలు గబగబా గుంత అడుగు తవ్వింది. మోచేతి లోతున కత్తి టక్కుమంది. ఎర్రమట్టి కింద పగిలిన రాయి, సందుల్లో దారాల్లాంటి వేర్లు. మట్టి మీదా రాయి మీదా ఆమ్లం చుక్క వేసింది, పొంగలేదు. అసలు సరుకు ఇక్కడుంది!

"సార్, ఇది చూడండి. పైనున్న ఎర్రమట్టి ఎండాకాలానికి కాస్త తడి దాస్తుంది. కిందున్న పగులు రాయి వాన నీటిని నిలవనివ్వదు. తీగ మునగదు, మాడదు. పండు చిన్నదై, తోలు మందమవుతుంది. ఇన్నాళ్ళూ మీరు మెచ్చిన వైన్ దీన్లోంచే వచ్చింది. సున్నపు పలుకు ఒక్కటి లేదు."

"ఇదే మట్టి గోడకి అవతల కూడా ఉందని ఏమిటి నమ్మకం?" అన్నాడు అధ్యక్షుడు.

"ఉంది. కావాలంటే అక్క తోటలో ఎక్కడైనా తవ్వండి. ఆ మాట బాబాయే చెబుతారు. ఇది కుండల మట్టో, కొండ మట్టో, చెప్పండి బాబాయ్."

బాబాయ్ పటం వైపు చూశాడు. కుండల మట్టంటే తన పేరూ పోతుంది. కొండ మట్టంటే అక్క లోపలికొస్తుంది. పెన్సిల్ పటం మీద ఎదురుచూస్తోంది.

"కొండ మట్టేనండీ" అన్నాడు. "బంగారంలాంటి మట్టి. గోడకి ఇటూ అటూ ఒకటే."

అధ్యక్షుడు ఇంకో గుక్క తాగి, కళ్ళు మూసుకున్నాడు. "నిజమే. ఎర్రమట్టి వెచ్చదనం తెలుస్తోంది."

చెల్లెలు నోటిదాకా వచ్చిన మాటని మింగేసింది. అక్క తోటలో నాలుగు చోట్ల తవ్వి చూస్తే అదే మట్టి. పటం మీద హద్దు గీత గోడ దాటి కిందికి దిగి, అక్క ఆఖరి వరస కింద వాగు దగ్గర ఆగింది. అధ్యక్షుడు పటం చుట్టేసి సంతకం పెట్టాడు.

అక్క గోడ మీద చేతులానించి నిలబడింది. "బాబాయ్, ఆ బంగారం మాట ఇంకోసారి అను. మా కింది వరస తీగలకి వినపడలేదు."

బాబాయ్ అధ్యక్షుడి వైపు చూశాడు. గొంతు పెంచి మళ్ళీ అన్నాడు.