ఆవిరి ఇచ్చిన దారి

పొద్దున్నే తోడికోడళ్ళిద్దరూ ఒకే డబ్బాలో అన్నం సర్దుకుని, ఒకే గొడుగు కింద లాండ్రీకి వెళ్ళేవాళ్ళు. ఇంట్లో పెద్దదాని మాటే చెల్లేది. గేటు దాటితే చిన్నది సూపర్‌వైజరు, పెద్దది ఆసుపత్రి దుప్పట్లని ఇస్త్రీ రోలర్లకి అందించే మనిషి.

లోపలంతా ఆవిరి. చాచిన చెయ్యి చాచినవాళ్ళకే కనబడదు. పాత సూపర్‌వైజరు నడిచొస్తే మాత్రం ఆ ఆవిరే అటూ ఇటూ ఒత్తిగిలి ఆవిడకి దారిచ్చేది. ఆవిడ రిటైరయ్యాక ఆ పనిలోకొచ్చిన చిన్నదానికి ఇవ్వలేదు. అందుకు ఎవరూ వింతపడనూ లేదు. పాపం, రోజూ బట్టల బండ్లకి మోకాళ్ళు కొట్టుకునేది.

"మేడమ్‌గారొస్తున్నారు, బండి పక్కకి లాగండే! తగిలిందంటే బండికి మెమో ఇస్తారు."

ఆవిరి నిండా కిసకిసలు. ఎవరన్నారో కనబడితేగా! చిన్నది మెళ్ళో విజిల్ వేలాడేసుకుంది. గొంతు పెంచింది. ఆలస్యమైనవాళ్ళని గుమ్మంలోనే నిలబెట్టింది. ఆవిరి ఇంకా చిక్కబడింది. రోజూ దీపం ముందు కళ్ళు మూసుకుని ఆ దారే వేడుకునేది.

"అక్కా, ఆ పాతావిడకి ఆవిరెందుకు దారిచ్చేదంటావు?" అంది ఒకనాడు అంట్లు తోముతూ.

"నాకేం తెలుసే. విజిలైతే ఎప్పుడూ ఊదలేదు."

మర్నాడు రోలర్ల ముందు అడ్డంగా ఉండే కమ్మీ ఒకవైపు ఊడిపోయింది. చేతులు లోపలికి పోకుండా ఆపేది అదే. చిన్నది మేనేజరుకి ఫోను చేసింది. ఆయన గది పైన, అద్దాల వెనక. అక్కణ్ణించి చూస్తే కింద తెల్లటి ఆవిరి తప్ప ఏమీ కనబడదు.

"సాయంత్రానికి దుప్పట్లు వెళ్ళాలి. మెషీను ఆగిందా, నీ ఉద్యోగం పోయినట్టే," అన్నాడాయన.

మంచాన పడ్డ మొగుడు కళ్ళముందు మెదిలాడు. "కానివ్వండి," అంది చిన్నది రోలర్ల దగ్గరున్నవాళ్ళతో.

అంతలో ఆవిరిలోంచి పెద్దదాని గొంతు వినబడింది. కమ్మీ ఊడినవైపు నిలబడ్డ అమ్మాయితో అంటోంది.

"నువ్విటు జరుగు తల్లీ. కడుపుతో ఉన్నదానివి. అక్కడ నేను నిలబడతాలే."

చిన్నది విజిల్ ముట్టుకోలేదు. తడుముకుంటూ వెళ్ళి ఎర్ర మీట నొక్కేసింది. రోలర్లు మూలిగి ఆగాయి.

"ఇంకెవరూ చెయ్యి పెట్టద్దు," అంది. గట్టిగా కూడా అనలేదు.

ఆవిరి ఒత్తిగిలింది. తడి గచ్చు, గోడలు, ఆడవాళ్ళ చెమట మొహాలు తేటగా బయటపడ్డాయి. ఎవరూ నవ్వలేదు. అందరూ ఆమె కళ్ళలోకే చూశారు.

పైన అద్దాల వెనక మేనేజరు లేచి నిలబడ్డాడు. మీట మీద ఆమె చెయ్యి ఆయనకీ తేటగానే కనబడింది.

మధ్యాహ్నానికల్లా వేరే సూపర్‌వైజరు వచ్చాడు. ఆమె చేతిసంచీ తీసుకుని బయల్దేరితే ఆవిరి గేటు దాకా దారిచ్చింది, ఆమె అడుగు తీసినచోటల్లా వెనకే మూసుకుంటూ.

కమ్మీ లేకుండానే రోలర్లు మళ్ళీ తిరగడం మొదలెట్టాయి. ఆమె వెనక్కి తిరిగి చూసింది. అక్క చేతులు ఎక్కడున్నాయో కనబడలేదు.