హనుమంతుడి పాదాల మనిషి

తీతు ఆ థాయ్‌లాండ్ బొమ్మలాటగాడి తలను గ్రీన్‌రూమ్ గోడకేసి బాదాడు. మొదటి దెబ్బకే ముక్కు చిట్లింది. రెండో దెబ్బకు మనిషి గోనెసంచిలా జారిపోయాడు. వాడి నల్లబట్టలు తను తొడుక్కుని, నల్లముసుగు ముఖం మీదికి లాక్కుని, తీతు నడుము వెనక కత్తి దోపుకున్నాడు.

హాల్లో ముందు వరసలో రిచర్డ్ కూర్చున్నాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. గోదాము కాపలావాణ్ని తవిటయ్య ఇనపరాడ్డుతో కొట్టి చంపుతుంటే చూసినవాడు అతనొక్కడే. మర్నాడే మిడ్నాపూర్ కోర్టులో సాక్ష్యం.

తవిటయ్య ఖరిదా బస్తీలో రైల్వే ఇనుము దొంగలకు నాయకుడు, బెయిలు మీద బయటున్నాడు. పొద్దున తీతు చెయ్యి మెలిపెట్టి మరీ చెప్పాడు.

"ఆడు బోనెక్కితే నాకు ఉరి. ఆడు బతికితే నువ్వు సస్తావు. ఠీక్ హై?"

"ఆడి ఎనకాల ఇద్దరు పోలీసులున్నారు దాదా. దగ్గరికెలా ఎల్తాను?"

"ఆ బొమ్మలోళ్ల పెట్టెలు మోసినావు, ఆట సూసినావు. ఆమాత్రం తెలీదేటి?"

తీతు మెలిపడ్డ చెయ్యి రుద్దుకున్నాడు. "ఆళ్ల హనుమంతుడు జనాల్లోకి దిగుతాడు దాదా. ముందు వరసోళ్ల ఒళ్లో కూకుని బుగ్గలు గిల్లుతాడు."

"మరింకేటి! కోతి ఎనకాలే నువ్వూ దిగు."

ఆ ఆటలో ఒక్క బొమ్మకు ముగ్గురు మనుషులు. ముసలి గురువు ప్రయూన్‌ది తల, కుడిచెయ్యి. ఇంకొకడిది ఎడమచెయ్యి. మూడోవాడు వంగి పాదాలు ఆడిస్తాడు. మాటలుండవు. గురువు తొడ ఎటు కదిలితే, దానికి ఆనుకున్న మనిషి అటే కదలాలి. రిహార్సల్స్‌లో తీతు అదంతా చూశాడు.

డోలు మోగింది. తీతు వెళ్లి బొమ్మ మడమల దగ్గరున్న చెక్కపిడులు పట్టుకున్నాడు. తెల్లముఖం హనుమంతుడు గెంతుతూ మెట్లు దిగాడు. జనం ఈలలు. మధ్యలో ఒక్కసారి గురువు తొడ బిగుసుకుంది. ఆనిన ఒళ్లు తనవాడిది కాదని తెలిసిందేమో! తీతు తల మరింత కిందికి వంచాడు. కానీ ఆట ఆగలేదు. రిచర్డ్ నవ్వుతూ బొమ్మకు చేతులు చాపాడు.

తీతు కుడిపిడి వదిలి కత్తి లాగాడు.

హనుమంతుడి కుడికాలు చచ్చుబడ్డట్టు వేలాడింది. ఒంటికి నిప్పంటుకున్నా పాదాల మనిషి పాదం వదలడు. అది వాళ్లకు గురువు ముందు పెట్టుకున్న ఒట్టు. తీతు ఆట చూశాడు గానీ, ఒట్టు సంగతి అతనికెవరు చెప్తారు?

ప్రయూన్ వెనక్కి తిరిగి కూడా చూడలేదు. మోచేత్తో తీతు గొంతు మీద గుద్దాడు. ఎడమచేతివాడు బొమ్మను లాక్కుని, నేల తగలకుండా తలపైకి ఎత్తేశాడు. తీతు గుడ్డిగా పొడిచాడు. కత్తి ముసలాయన తొడలో పిడి దాకా దిగింది. ఆ కాలు మీదే నిలబడి, రెండో కాలి మడమతో ఆయన తీతు మోకాలి మీద తన్నాడు. ఎముక ఫట్‌మంది. పోలీసుల లాఠీలు వీపు మీద పడ్డాయి. ఒకడు బూటుకాలితో మణికట్టు నలిపేశాడు.

నేలకు చెంప ఆనించి పడున్న తీతుకు నాలుగో వరసలో లేచిన తవిటయ్య కనిపించాడు. చెయ్యి శాలువాలో ఉంది. కళ్లు తన మీదే ఉన్నాయి.

"రిచర్డన్నా! శాలువా! ఆడి కాడ తుపాకీ ఉంది!"

పోలీసు గిర్రున తిరిగి లాఠీ విసిరాడు. అది తగిలేసరికి తవిటయ్య తుపాకీ పేలింది. గుండు గురితప్పి తీతు భుజంలోంచి దూసుకుపోయింది. జనం కుర్చీలు తన్నుకుంటూ పరుగెత్తారు. ఇద్దరు పోలీసులూ తవిటయ్య మీద పడి, పళ్లు రాలేదాకా కొట్టి బేడీలేశారు.

"గ్రీన్‌రూమ్‌లో కుర్రోడికి ఊపిరుంది!" ఎవరో అరిచారు.

రిచర్డ్ తన తువ్వాలుతో గురువు తొడ బిగించి కట్టి, తీతు వైపు తిరిగాడు.

"కాపలావోడి సవాన్ని పట్టాల మీద పడేసింది నానేనన్నా," తీతు రక్తం ఉమ్మాడు. "రేపు నన్నూ బోనెక్కించండి. లేకపోతే ఈడి మనుసులు నన్ను బతకనివ్వరు."

"పొడవడానికొచ్చి అన్నా అంటావేట్రా, ఎదవా!" రిచర్డ్ వాడి చొక్కా చింపి భుజం గాయంలో కుక్కాడు. "ముందు ఆస్పత్రి. సావకు. రేపు నా తరవాత నువ్వే."