ఇందుమతి చూపించిన వేలు

మాస్టర్‌ని చంపేశారన్న కబురు తెనాలికి పొద్దున్న కాఫీల వేళకి వచ్చింది. ఎనిమిదయ్యేసరికల్లా రమేష్ బాబు జిలేబీ పొట్లాలు పట్టుకుని అపార్ట్‌మెంటు మెట్లెక్కుతున్నాడు. ఆయన దానికి సెక్రటరీ. నీళ్ళ మోటారు కాలిపోయి నాలుగు రోజులైనా మెట్లెక్కని మనిషి, ఆ రోజు మాత్రం ఆయాసపడుతూ మూడంతస్తులూ ఎక్కి ఇందుమతి తలుపు కొట్టాడు.

"నోరు తీపి చేసుకోమ్మా. రవిశంకర్‌గారి ఆత్మ ఇవాళ్టికి చల్లబడింది," అన్నాడు.

మాస్టరంటే పాఠాలు చెప్పే మాస్టరు కాడు. ఒక ముఠా నాయకుణ్ణి టీవీల వాళ్ళు అలా పిలిచేవారు. అయిదేళ్ళ క్రితం మహానగరం బస్టాండులో బాంబు పెట్టించి పదిహేడు మందిని పొట్టన పెట్టుకున్నది వాడే. ఆ పదిహేడు మందిలో ఇందుమతి భర్త రవిశంకర్ ఒకడు. సరిహద్దు అవతల కొండల్లో దాక్కున్నవాణ్ణి మన కమాండోలు వెతుక్కుంటూ వెళ్ళి, తెల్లవారకముందే కాల్చేశారట.

ఇందుమతి పొట్లం అందుకుని, "అయ్యో, చంపేశారా!" అంది.

రమేష్ బాబు తెల్లబోయాడు. ఊరంతటిలో వాడి చావుకి అయ్యో అన్నది ఆవిడ ఒక్కతే అయి ఉంటుంది. పాపం, సంతోషం పట్టలేక ఏం మాట్లాడుతోందో తెలియడం లేదనుకుని ఆయన ఎదురింటి తలుపు కొట్టాడు.

ఆవిడకి బాగానే తెలుసు. వెళ్ళి టీవీ ముందు కూర్చుంది. మొదట వాడే కాల్పులు మొదలుపెట్టాడన్నారు. తొమ్మిదింటికి వాడి చేతిలో తుపాకీ లేదన్నారు. పదకొండింటికి ఇంకో ఛానల్లో, మంచం మీంచి లేచి చేతులెత్తాడట, బేడీలు వేసి తెచ్చే వీలుండేదట అన్నారు. అక్కడ కూర్చున్న నలుగురు పెద్దమనుషులూ అదే మంచిదైంది, తెచ్చి మేపడమెందుకని తీర్పిచ్చేశారు. చంపేముందు వాణ్ణి ఏమైనా అడిగారా అని ఒక్కడైనా అంటాడేమోనని ఆవిడ రెండు గంటలు చూసింది. ఒక్కడూ అనలేదు. టీవీ కట్టేసింది.

మధ్యాహ్నం ప్రభుత్వ లాయరు గారి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. "పెద్దవాడి కథ ముగిసిందమ్మా. ఇంక మనకి మిగిలింది జైల్లో ఉన్న ఆ ఖలీల్ ఒక్కడే. పద్దెనిమిదో తారీఖు మీ సాక్ష్యం. మీరొక్కసారి వేలు చూపిస్తే చాలు, వాడికి ఉరి ఖాయం," అన్నాడాయన, శుభవార్త చెప్తున్నట్టుగా.

ఆ వేలు ఆవిడ ఒకసారి చూపించింది. అసలు బాధంతా అక్కడే ఉంది.

బస్టాండులో ఆ రోజు రవిశంకర్ మంచినీళ్ళ సీసా కోసం వెళ్ళాడు. ఇందుమతి సామాన్ల దగ్గర కూర్చుంది. ముప్ఫై అడుగుల దూరంలో ఒక కుర్రవాడు వంగి, బెంచీ కింద సంచీ పెట్టడం చూసింది. పక్క మొహం, అదీ రెండు క్షణాలు. ఆ తరవాత చెవులు మూసుకుపోయే చప్పుడు. ఎడమ చెవి ఇప్పటికీ సరిగ్గా వినపడదు.

మూడు నెలలకి జైలుకి పిలిపించి, మేజిస్ట్రేటు ముందు తొమ్మిది మందిని వరసగా నిలబెట్టారు. ఆరోవాణ్ణి చూడగానే ఆవిడ ఒళ్ళు జలదరించింది. ఈ మొహం నాకు తెలుసు, సంచీ పట్టుకుని వంగింది వీడే అనుకుంది. వేలు చూపించింది. చూపించగానే వాడు నవ్వాడు. పదిహేడు మందిని చంపి పైగా నవ్వా అని ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. మనసులో ఏ మూలో రవ్వంత సందేహం ఉంటే అది ఆ నవ్వుతో ఎగిరిపోయింది. వాడి పేరు ఖలీల్, రేపల్లె వాడు, ఆ రోజు వాడి ఫోను ఆ నగరంలోనే ఉందని పోలీసులు చెప్పారు. ఏసీల సామాన్లు కొనడానికి వెళ్ళానని వాడన్నది ఎవరూ చెవిన పెట్టలేదు.

ఇందుమతి రేపల్లెలో లెక్కల టీచరు. పధ్నాలుగేళ్ళుగా తెనాలి నుంచి పాసింజర్లో వెళ్ళొస్తోంది. ఆ రైలు సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. సాయంత్రం అది రేపల్లెలో ఆగీ ఆగకముందే ప్లాట్‌ఫారం మీద జనం సీట్ల కోసం కిటికీల మీద పడతారు. కర్చీఫులు, గొడుగులు, ఏది చేతిలో ఉంటే అది లోపలికి విసురుతారు. ఆడవాళ్ళు మాత్రం చువ్వలు లేని కిటికీ చూసుకుని, లోపల దిగబోతున్నవాళ్ళకి సంచులు అందిస్తారు. వాళ్ళు వాటిని ఒక్కో సీటు మీద ఒక్కోటి పెట్టి దిగిపోతారు. సంచీ ఉన్న సీటు సంచీ గలవాళ్ళది. పేర్లు ఎవరికీ తెలియవు, మొహాలు కూడా ఎవరూ పట్టి చూడరు.

రవిశంకర్ పోయాక మూడేళ్ళు ఆవిడ ఇంట్లోనే ఉండిపోయింది. మళ్ళీ బడిలో చేరిన మొదటివారం, కిటికీలోంచి సంచీ అందిస్తే లోపల ఎవరో కుర్రవాడు అందుకుని, వంగి, సీటు మీద పెట్టాడు. ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇదివరకు అందుకునేవాడు వీడు కాదు. ఇంకొకడు. తెనాలిలో ఏసీలు బాగుచేసి సాయంత్రం ఇంటికొచ్చేవాడు. నాలుగేళ్ళపాటు ఆవిడ సంచీ పట్టుకుని వంగిన మొహం అది. జైల్లో ఆరోవాడి మొహం!

ఆ సాయంత్రం ఆవిడ ఆ రైలెక్కలేదు.

అది జరిగి రెండేళ్ళు. ఈ రెండేళ్ళూ ఏం చేసిందంటారా? ఏమీ చెయ్యలేదు. ఈ విషయంలో ఆవిణ్ణి వెనకేసుకురావడానికి ఏమీ లేదు. మాస్టర్‌ని పట్టుకుంటారు, సంచీ ఎవడు పెట్టాడో వాడి చేత కక్కిస్తారు, నేను నోరు విప్పక్కర్లేకుండానే ఆ అబ్బాయి ఇంటికెళ్తాడనుకుంది. లెక్క తప్పు చేసి, జవాబు పుస్తకం వెనకుందిలే అని కూర్చునే పిల్లల్ని రోజూ తిట్టే మనిషి, తను మాత్రం అలాగే కూర్చుంది. ఇప్పుడు ఆ పేజీ చింపేశారు.

ఆదివారం ఆవిడ బాపట్ల వెళ్ళింది. రవిశంకర్ అన్నగారు వేంకటసుబ్రహ్మణ్యం అక్కడ వ్యవసాయ కాలేజీలో పురుగుల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. కేసు మొదలైనప్పటి నుంచి కోర్టులకీ లాయర్లకీ తిరిగింది ఆయనే. ఆయనకి చెప్పకుండా ఏ పనీ చెయ్యడం ఆవిడకి ఇష్టం లేదు.

"రామ్మా, రా! సమయానికి వచ్చావు. నిన్న లయన్స్ క్లబ్ వాళ్ళొచ్చారు, నీకు సన్మానం చేస్తారట," అన్నాడు. మనిషి పదేళ్ళు చిన్నవాడైనట్టున్నాడు.

"వాడు బతికుండాల్సింది బావగారూ," అంది ఇందుమతి.

ఆయన పేపరు పక్కన పెట్టాడు. "ఏంటమ్మా ఆ మాట?"

"చేతులెత్తాడంటున్నారు. పట్టుకుని తేవచ్చుగా?"

"తెస్తే ఏమయ్యేదో తెలుసా? వాణ్ణి విడిపించుకోడానికి జనంతో సహా ఏ బస్సునో ఎత్తుకుపోయేవాళ్ళు. ఇంకో ఇరవై మంది పోయేవాళ్ళు. ఆ చీకట్లో వాడి పక్కలో ఏముందో, ఆ కమాండో పిల్లలకి ఎట్లా తెలుస్తుంది? వాళ్ళలో ఒకడు పోతే ఆ తల్లికేం చెప్తావు? పురుగుని విచారణ చెయ్యరమ్మా. మందు కొడతారు."

ఆ తల్లి సంగతి ఆవిడా ఆలోచించింది. చివరి మాటకి మాత్రం ఊరుకోలేకపోయింది.

"మందు కొట్టేముందు ఏ పురుగో చూడాలని మీరే అనేవారుగా? చూడకుండా కొడితే మంచివీ చస్తాయని రైతుల్ని కేకలేసేవారు."

"అయితే వాడు మంచివాడంటావా?"

"వాడి మీద నాకు ఆవగింజంత జాలి లేదండి. అడగాల్సింది ఉండిపోయిందంటున్నాను."

"ఏముంది అడగడానికి?"

"సంచీ ఎవరు పెట్టారని."

"నువ్వు చూశావుగా!"

గుమ్మం దగ్గర గోరుచిక్కుళ్ళు తుంచుతున్న తోడికోడలు నాగేశ్వరమ్మ చెయ్యి ఆపింది. ఇందుమతి అంతా చెప్పింది. రైలు, కిటికీ, సంచులు, రెండేళ్ళు నోరు మూసుకోవడం, ఏదీ దాచలేదు. చెప్తున్నంతసేపూ ఆయన నేల వంకే చూశాడు.

"ఈ మాట ఇక్కడితో వదిలెయ్యి," అన్నాడు చివరికి. "మా తమ్ముడు వట్టినే పోయాడా? వాడి చావుకి ఒక్కడైనా జవాబు చెప్పొద్దా ఇందుమతీ?"

"చెప్పాల్సినవాడి నోరు వాళ్ళే మూసేశారండి. ఆ పెద్దవాణ్ణి అడక్కుండా చంపారు. ఈ అబ్బాయిని నా చేత చంపించకండి."

ఆయన లేచి లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. రవిశంకర్ పోయిన రోజున కూడా ఆయన అలా తలుపేసుకోలేదు. ఇందుమతికి ఏడుపొచ్చింది. నాగేశ్వరమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"ఆ పిల్లాడి అమ్మానాన్నలకి చెప్పావా?"

"లేదక్కయ్యా."

"ముందు అది చెయ్యి. ఈయన సంగతి నేను చూసుకుంటాను. అన్నం తినకుండా మాత్రం వెళ్ళకు."

మర్నాడు బడి వదిలాక ఇందుమతి రేపల్లెలో ఖలీల్ తండ్రి ఖాజా మొహిద్దీన్ ఇంటికి వెళ్ళింది. ఇల్లు వెతుక్కోనక్కర్లేదు. ఆవిడ రోజూ నడిచే దారిలోనే ఆయన టైలరు కొట్టు, దాని వెనకే ఇల్లు. రెండేళ్ళుగా ఆ చోటు రాగానే రోడ్డుకి అవతలి పక్కకి మారుతోంది.

ఆయన మిషను మీంచి తలెత్తి చూశాడు. గుర్తుపట్టాడు. కూర్చోమనలేదు. లోపలి నుంచి ఖలీల్ తల్లి అబీదా వచ్చి, ఏమనుకుందో ఏమో, స్టూలు జరిపింది. ఇందుమతి కూర్చోకుండానే చెప్పింది. నిన్న బావగారి దగ్గర అలవాటైన మాటలే అయినా ఇక్కడ ఒక్కొక్కటీ కొత్తగా వెతుక్కోవాల్సొచ్చింది.

"రెండేళ్ళ నుంచి తెలుసా మీకు?" అన్నాడు ఖాజా మొహిద్దీన్.

"తెలుసండి."

"రోజూ మా కొట్టు ముందు నుంచే బడికెళ్తారు మీరు."

"వెళ్తానండి."

ఆయన మిషను వైపు తిరిగి సూదిలోకి దారం ఎక్కించబోయాడు. దారం ఎక్కలేదు. మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూనే ఉన్నాడు. తిట్టినా బాగుండునని ఇందుమతికి అనిపించింది.

"కోర్టులో కూడా ఇట్టాగే చెప్తారా అమ్మా?" అని అడిగింది అబీదా.

"చెప్తాను."

"మీ వాళ్ళు ఊరుకుంటారా?"

"ఊరుకోరు. అయినా చెప్తాను."

అబీదా నెమ్మదిగా అంది. "మీరు జైలుకొచ్చి మా వాణ్ణి చూపించి వెళ్ళారు చూడండి, ఆ వారమే నేను ములాఖత్‌కి వెళ్ళా. ఏడుస్తా ఉంటాడనుకున్నానమ్మా. ఎంత హుషారుగా ఉన్నాడో! 'అమ్మా, రైల్లో నేను సంచీ పెడతానే, ఆ టీచరుగారొచ్చారు. అంతమందిలో నన్ను గుర్తుపట్టారు. మంచోణ్ణని చెప్పే ఉంటారు, ఇంక వదిలేస్తారు' అన్నాడు. లాయరు వచ్చి సంగతేంటో చెప్పేదాకా మీరు విడిపిస్తారనే కూర్చున్నాడు."

ఇందుమతి స్టూలు మీద కూలబడింది. అయిదేళ్ళుగా ఆ నవ్వుని తలుచుకుని తలుచుకుని వాణ్ణి తిట్టింది. రవిశంకర్ ఫొటో ముందు నిలబడి కూడా తిట్టింది. పరిచయమైన మనిషిని చూసి ఒక పిల్లాడు నవ్వితే, ఆ నవ్వుకే వాడి మెడకి తాడు కట్టింది. రెండు చేతుల్లో మొహం దాచుకుని పైకే ఏడ్చింది. ఓదార్చడానికి అబీదా రాలేదు, పొమ్మని కూడా అనలేదు. కాసేపయ్యాక ఒక గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి మిషను మీద పెట్టింది.

పద్దెనిమిదో తారీఖు కోర్టు కిటకిటలాడుతోంది. బావగారు వచ్చారు. పలకరించకుండా వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నారు. బోనులో ఖలీల్ చిక్కిపోయి, గడ్డం పెరిగి, ముప్ఫై నిండకుండానే యాభై ఏళ్ళవాడిలా ఉన్నాడు. ప్రభుత్వ లాయరు గారు హుషారుగా లేచి, ఆ వ్యక్తి ఈ హాల్లో ఉంటే చూపించమన్నారు.

ఇందుమతి వేలు ఖలీల్ వైపు ఎత్తింది.

"ఆ అబ్బాయి నాకు తెలుసండి. రేపల్లె పాసింజర్లో నాలుగేళ్ళు నా సంచీ అందుకుని సీటు మీద పెట్టాడు. అందుకే ఆ రోజు జైల్లో మొహం తెలిసినట్టనిపించింది. బస్టాండులో సంచీ పెట్టింది ఇతను కాదు. పొరపాటు నాదండి. రెండేళ్ళ కిందటే తెలిసినా చెప్పకపోవడం పొరపాటు కూడా కాదు, తప్పు."

లాయరు గారు ఏదో అరిచారు. వెనక బెంచీలు గోలగోలగా అయ్యాయి. జడ్జిగారు అందర్నీ ఊరుకోమని ఆవిడ వైపు తిరిగారు.

"మరి సంచీ పెట్టింది ఎవరో చెప్పగలరా?"

"చెప్పలేనండి. అది తెలిసినవాణ్ణి చంపేశారు."

ఖలీల్ ఈసారి నవ్వలేదు. ఆవిడ వేలు దించేదాకా దాని వంకే చూస్తూ నిలబడ్డాడు.