ఏడు అనని లెక్క

ఆనందమ్మ నోట ఏడు అనే అంకె రాదు. మొవ్వలో వాళ్ళ నాన్న కళ్ళాల్లో ధాన్యం కొలిచేవాడు. మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా 'లాభం' అనేవాడు. ఏడు అంటే ఏడవమన్నట్టే ఉంటుందని 'ఆరున్నొకటి' అనేవాడు. కూతురు ఆయన కంటే రెండాకులు ఎక్కువే చదివింది. చర్చికి వెళ్ళే మనిషి కదా, ఏడు రాగానే 'స్తోత్రం' అనేసి ఎనిమిదికి వెళ్ళిపోతుంది. నిమ్మకాయలు లెక్కపెట్టినా అంతే, అప్పడాలు లెక్కపెట్టినా అంతే.

ఇప్పుడా లెక్క ఆనందమ్మ కూతురి కడుపు దగ్గరికొచ్చింది. గుడివాడలో బ్యాంకు ఉద్యోగం చేసే కృపాకుమారికి ఇది తొలిచూలు. తొమ్మిదో నెల రాగానే పురిటికి పుట్టింటికొచ్చింది. ఊళ్ళో నర్సు శాంతి, రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక ఎడమవైపు తిరిగి పడుకుని బిడ్డ కదలికలు లెక్కపెట్టుకోమంది. రెండు గంటల్లో పది రావాలి. రాకపోతే మర్నాటిదాకా ఆగకుండా బందరు ఆసుపత్రికి వెళ్ళిపొమ్మని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

కృప కళ్ళు మూసుకుని, బిడ్డ కదిలినప్పుడల్లా వేలెత్తేది. పక్కన కూర్చుని తల్లి పైకి లెక్కపెట్టేది. లాభం, రెండు, మూడు... అరగంటలో పది అయిపోయేవి. పది కాగానే ఆనందమ్మ మళ్ళీ 'స్తోత్రం' అని లేచేది. ఈ రెండోది అంకె కాదు, కృతజ్ఞత. తాత పోలికే, ఒక్కచోట కుదురుగా ఉండదని మురిసిపోయేది.

ఆ గురువారం మొదటి గంటలో మూడే వచ్చాయి. కృప మంచినీళ్ళు తాగి మళ్ళీ పడుకుంది. రెండో గంట కూడా అయిపోవస్తుండగా వేలు నెమ్మదిగా లేచింది.

"స్తోత్రం," అంది ఆనందమ్మ.

మగతలో ఉన్న కృప పది అయ్యాయనుకుంది. హమ్మయ్య అని లేచి కూర్చుని టీ పెట్టమంది.

ఆనందమ్మ వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది. నెలలు నిండాక బిడ్డ కుదురుకుంటుందని పెద్దవాళ్ళు అనేవాళ్ళు. ఆ మాట నమ్మాలని ఆవిడకి ఎంతో ఆశగా ఉంది. అది తప్పనీ, చివరి రోజు దాకా బిడ్డ కదలాల్సిందేననీ శాంతి ముందే చెప్పింది. పది కాలేదని చెప్తే పిల్ల బెదిరిపోతుంది. పైగా కడుపుతో ఉన్నదాని ముందు ఆ అంకె అనడమా? పాలు పొంగకముందే పొయ్యి కట్టేసింది.

"కృపా, పది కాలేదే. ఏడు."

కృప తల్లి నోటి వంక చూసింది. ఊహ తెలిశాక ఆ నోట ఆ మాట విననేలేదు. లేచి చెప్పులేసుకుంది.

ఏసుబాబు ఆటోలో బందరు చేరేసరికి సాయంత్రం అయిదయింది. కృప పొట్టకి బెల్టు కట్టి మిషను పెట్టారు. బిడ్డ గుండె చప్పుడు వినిపిస్తోంది గానీ, కాగితం మీద గీత మధ్యమధ్య కిందికి జారుతోంది. ఉమ్మనీరు బాగా తగ్గిపోయిందనీ, ఇప్పుడే ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తామనీ డాక్టరమ్మ నిదానంగానే చెప్పింది.

ఆపరేషన్ గది బయట బల్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకుందామంటే మాటలు కుదరలేదు. కాసేపటికి లోపల ఎవరో ఆడపిల్ల అన్నారు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆనందమ్మ లేచి తలుపుకి అరచెయ్యి ఆనించింది.

"ఏడు," అంది. "ఏడు తల్లీ, ఏడు."

లోపల పిల్ల కేరుమంది. ఆనందమ్మకి స్తోత్రం చెప్పాలన్న సంగతి చాలాసేపటికి గాని గుర్తురాలేదు.