పైడయ్య విస్తరి

గవరమ్మ చనిపోయిన రోజున ఊళ్లో ఆడవాళ్లు ఆమె చుట్టూ చాలాసేపు ఊరికే నిలబడిపోయారట. స్నానం చేయించారు, కొత్త చీర కట్టారు, పసుపు కుంకుమల దగ్గరకొచ్చేసరికి చేతులు ఆగిపోయాయి. మొగుడున్న మనిషా, లేని మనిషా అన్నది ఎవరికీ తెలియదు. చివరికి కూతురు శేషమ్మే లేచి తల్లి నుదుట రూపాయి బిళ్లంత బొట్టు పెట్టింది.

"మా అయ్య పోనాడని ఎవులైనా సెప్పినారేటి?" అని అడిగింది.

శేషమ్మ కడుపులో ఉండగానే ఆమె తండ్రి పైడయ్య ఓడెక్కి, సముద్రం నడుమ ఉన్న ఒక దీవికి కూలికి వెళ్లాడు. కూలీలు దాన్ని తెల్లదిబ్బ అనేవారు. పిట్టల రెట్ట వేల ఏళ్లు పేరుకుని గట్టిపడి, అక్కడ దీవంతా తెల్లరాయి అయిపోయింది. ఆ రాయి పొడి చల్లితే బీడు కూడా పండుతుందని ఇటు ఇంగ్లీషు దొరలకూ, అటు అమెరికా కంపెనీకీ దాని మీద కన్ను పడింది. మాదంటే మాదని ఎవరి జెండా వాళ్లు పాతారు. అలా ఉండగా ఒకనాడు తవ్విన గట్టు విరిగి కూలీల మీద పడింది. పోయిందెవరో, మిగిలిందెవరో ఊరికి కబురు రాలేదు.

గవరమ్మ చంటిదాన్ని చంకనేసుకుని విశాఖపట్నం కచేరీకి వెళ్లింది. కంపెనీ అమెరికా వాళ్లది, వాళ్లనే అడగమన్నారు అక్కడ. కంపెనీ ఏజెంటు దగ్గరికి వెళితే, కూలీలు ఇంగ్లీషు రాజ్యం మనుషులు, వాళ్ల లెక్క వాళ్లే చెప్పాలన్నాడు. కాళ్లరిగేలా తిరిగి తిరిగి ఆమె ఇంటికొచ్చి ఒక మాట అనుకుంది. దీవి ఎవడిదో వాడే వచ్చి చెప్పాలి. అందాకా తన మొగుడు బతికే ఉన్నాడు.

ఆ మాట మీదే బతికి, ఆ మాట మీదే పోయింది.

ఇప్పుడు శేషమ్మ అమెరికాలో, ఎడిసన్‌లో కొడుకు శశికాంత్ ఇంట్లో, కిందగదిలో మంచం పట్టి ఉంది. ఏటా తల్లి తద్దినానికి విస్తరి వేస్తుంది. తండ్రికి మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ వేయలేదు. బతికున్నవాడికి విస్తరి వేస్తే ఆయుష్షు తీసినట్టేనని తల్లి చెప్పింది. కానీ ఈమధ్య ఊపిరి అందకుండా పోతున్నకొద్దీ ఆమెకు అదే బెంగ. తను కూడా పోతే తండ్రికి ఒక్క ముద్ద పెట్టేవాళ్లెవరూ ఉండరు.

శశికాంత్ ఎన్నోసార్లు నచ్చజెప్పాడు. "అమ్మా, లాజికల్‌గా ఆలోచించు. బతికుంటే తాతకి నూటపాతిక ఏళ్లు కదా."

"నువ్వెవుడివిరా సెప్పడానికి? ఆ దీవి నీదేటి?" అనేది శేషమ్మ. అతను ఆఫీస్ కాల్ ఉందని పైకి వెళ్లిపోయేవాడు.

మనవరాలు భవిత మాత్రం ఆ మంచం దగ్గరే కూర్చునేది. ఊళ్లో నాన్నమ్మ దగ్గరే పెరిగి, అక్కడి జిల్లా పరిషత్ బడిలో చదివి, రెండేళ్ల కిందట ఆవిడతో కలిసే ఇక్కడికి వచ్చింది. స్కూల్లో ఎవరైనా పలకరిస్తే ఇంగ్లీషులో సమాధానం నోటిదాకా వచ్చి ఆగిపోయేది. అందుకే హిస్టరీ టీచర్, రెండు దేశాలు కొట్టుకున్న నేల పేరొకటి రాసివ్వండి, దాని మీద మనమే ఆ రెండు దేశాలుగా చీలి ఒక సమావేశం జరుపుదాం అన్నప్పుడు, భవిత తల ఎత్తకుండానే తెల్లదిబ్బ గురించి రాసిచ్చింది. టీచర్ అదే ఎంచుకుంది. ఈ సాకుతోనైనా పైడయ్య సంగతి తెలుస్తుందని భవిత ఆశ.

వాళ్ల బేస్‌మెంట్‌లో శేషమ్మ పక్కగది అద్దెకు తీసుకుని, పక్క ఊరు పిస్కాటవేలో మాస్టర్స్ చదువుతున్న తేజేశ్వర్ యూనివర్సిటీ లైబ్రరీలో వెతికిపెట్టాడు. జెండాల గురించీ, రాయి ఎన్ని ఓడల్లో వెళ్లిందన్న దాని గురించీ బోలెడంత దొరికింది. చివరికి రెండు దేశాలూ రాజీపడి చెరిసగం తవ్వుకున్నారట. గట్టు విరిగిన సంగతి ఒక్క వాక్యంలో ఉంది. కింద పడ్డవాళ్లెవరూ బయటికి రాలేదని మాత్రం ఉంది. ఒక్క పేరూ లేదు.

"సారీ రా భవితా," అన్నాడు తేజేశ్వర్. "రాళ్లనైతే మంచిగ లెక్కపెట్టిన్రు."

సమావేశంలో భవితని అమెరికా పక్షంలో వేశారు. పక్కన ఇక్కడే పుట్టిన అనిక కూర్చుంది. భవిత తలొంచుకుని కూర్చోవడం చూసి, "నువ్ జస్ట్ రీడ్ చెయ్, ఓకే? ఆర్గ్యుమెంట్స్ అన్నీ నేను చేస్తా," అంది తన అమెరికా యాసలో. అనిక నిజంగానే బాగా వాదించింది. పిల్లలు దీవిని మ్యాప్ మీద అటు లాగారు, ఇటు లాగారు, నవ్వుకున్నారు. ఆఖర్లో ఇంగ్లీషు పక్షం అబ్బాయి లేచి, గట్టు కింద చచ్చిపోయిన కూలీల బాధ్యత ఎవరిదని అడిగాడు.

అనిక కాగితం భవిత ముందుకు జరిపింది. అందులో అమెరికా పక్షం జవాబు ఉంది. నాన్నమ్మ మంచం, ఆవిడ ఊపిరి చప్పుడు, అన్నీ భవితకి గుర్తొచ్చాయి. కాగితం పక్కన పెట్టి, వాళ్లలో ఒకాయన పేరు పైడయ్య అని చెబుదామనుకుంది. క్లాసంతా తనవైపే చూస్తోంది. కాగితంలో ఉన్నదే చదివేసింది. దీవి మాది, ఆ మనుషులు మాత్రం మావాళ్లు కారు.

అందరూ చప్పట్లు కొట్టారు. టీచర్ మెచ్చుకుంది. అనిక హై ఫైవ్ అంటూ చెయ్యెత్తింది. భవిత కూడా చెయ్యెత్తింది. ఆ చెయ్యి తనది కానట్టు ఉంది.

ఇంటికొచ్చి, బ్యాగు కూడా దించకుండా నాన్నమ్మ దగ్గర కూర్చుంది.

"ఏటే గుంటా, మొకం అలాగున్నాది? ఏటన్నారు ఆల్లు?"

భవిత దుప్పటి అంచు సర్దింది. తర్వాత వంగి ఆవిడ చెవి దగ్గర నోరుపెట్టి, "నాన్నమ్మా, ముత్తాత పోయాడు. గట్టు కింద పడి ఎవరూ బతకలేదు," అంది.

"నువ్వెవులే సెప్పడానికి?"

"ఈరోజు నేను అమెరికా తరఫు దొరని. దీవి సగం మాదే. గట్టు విరిగింది మా కంపెనీ తవ్విన చోటే. అందుకని నేను చెప్పొచ్చు." భవిత ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఆయన మా మనిషే నాన్నమ్మా. ఇన్నాళ్లూ చెప్పనందుకు మమ్మల్ని క్షమించు."

శేషమ్మ ఆ పిల్ల మొహం వంక కళ్లార్పకుండా చూసింది. అది బడి ఆట అని ఆవిడకి తెలియదనుకోలేం. అయినా ఇన్నేళ్లలో ఒక దొర నోట ఆ మాట రావడం అదే మొదలు. నెమ్మదిగా మొహం గోడవైపు తిప్పుకుని, చిన్నపిల్లలా, "అయ్యా... మాయయ్యా..." అని ఏడ్చింది. పుట్టాక తండ్రిని చూసిందే లేదు, అయినా ఆ పిలుపు ఆవిడకి కొత్తగా లేదు.

ఆ వారంలోనే గవరమ్మ తద్దినం వచ్చింది. శశికాంత్ ఓక్ ట్రీ రోడ్డులోని ఇండియన్ కొట్లో అరటాకులు తెచ్చాడు. శేషమ్మని ఎత్తుకొచ్చి వంటింట్లో కుర్చీలో కూర్చోబెట్టారు. భవిత మొదటిసారి రెండు విస్తళ్లు పక్కపక్కన వేసింది. అన్నం, పప్పు, గారెలు వడ్డించింది. తండ్రి విస్తరి వంక చూస్తూ శేషమ్మ తృప్తిగా ఊపిరి తీసుకుంది.

తల్లి విస్తరి పక్కన ఏటా పసుపు, కుంకుమ, గాజులు పెట్టడం ఆవిడకి అలవాటు. కుంకుమ వేళ్లతో తీసుకుంది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆనాడు ఊళ్లో ఆడవాళ్ల చెయ్యి ఆగినట్టే ఆగింది. తండ్రి గట్టు కిందే పోయాడంటే, ఆ నాటినుంచీ తల్లికి బొట్టు చెల్లనట్టే. బతికినన్నాళ్లూ చెల్లలేదు, పాడె మీదా చెల్లలేదు. పాడె మీద అది పెట్టింది తనే.

భవితకి అప్పుడు అర్థమైంది, తను నాన్నమ్మకి ఇచ్చినదేమిటో, ఎవరి దగ్గర్నుంచి తీసుకుని ఇచ్చిందో.

"నాన్నమ్మా, నేను..."

"ఊరుకోయే తల్లీ." శేషమ్మ కుంకుమ తల్లి విస్తరి పక్కనే పెట్టింది. గాజులూ పెట్టింది. "మా అమ్మకి ఎవులూ సెప్పనేదు. మనమూ సెప్పొద్దు."

తర్వాత తండ్రి విస్తరి వైపు వేలు చూపించింది. "దీన్ని తీసుకెల్లి ఆ కార్ల గదిలో ఎట్టు. తలుపు దగ్గరగా ఎయ్యి. మా అమ్మకి అగుపడకూడదు."

భవిత రెండు చేతులతో ఆకు ఎత్తి గ్యారేజీలోకి తీసుకెళ్లింది. చల్లటి సిమెంటు నేల మీద, కారుకీ మంచు తవ్వే పారకీ మధ్య పైడయ్యకి అన్నం పెట్టింది. గ్లాసుతో నీళ్లు పెట్టింది. లోపల నాన్నమ్మ తల్లిని కొసరి కొసరి తినమంటున్న గొంతు వినిపిస్తోంది.

చెప్పినట్టే, తలుపు దగ్గరగా వేసింది.