బండ ఎక్కినవాడి మాట

మంగళవారం ఉదయం ఏడింటికి కాత్యాయని కంప్యూటర్ తెరిచేసరికి ఆసుపత్రిలో ఒక్క రోగీ లేడు.

పైన నాలుగంతస్తుల్లో రెండు వందల పన్నెండు మంది పడుకునే ఉన్నారు. తెర మీద మాత్రం ఒకటే వాక్యం: ఇలాంటి తేదీ లేదు. ఆ రోజు రెండువేల సంవత్సరం, ఫిబ్రవరి ఇరవై తొమ్మిది. ఎవరికి ఏ మందు ఇవ్వాలో చెప్పే జాబితా మాయమవడంతో నర్సులు పాత కాగితాలు పట్టుకుని మంచం మంచానికీ తిరుగుతున్నారు.

కంప్యూటర్ విభాగం అధిపతి స్టావ్రోస్ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఈ తేదీని పరీక్షించి, బాగానే ఉందని సంతకం పెట్టింది నువ్వు. పదింటికి డైరెక్టర్ అడుగుతారు. నీ పేరే చెప్పాలి."

పేరు చెబితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో పాటే ఈ పరాయి దేశంలో ఉండనిచ్చే వీసా.

నవంబరులో కంప్యూటర్ గడియారాన్ని ఈ తేదీకి జరిపి చూసింది కాత్యాయనే. అప్పుడు పనిచేసింది. ప్రోగ్రాం అచ్చుప్రతి మీద పేజీ పేజీకీ సంతకం పెట్టి దాచింది కూడా. ఆ ఫైలు తీసి, ఇప్పటి ప్రోగ్రాంతో వేలు పెట్టి పోల్చుకుంటూ పోయింది. ఒక్కచోట ఆగింది. లీపు సంవత్సరం లెక్కలో సగం వరస లేదు.

ఎవరు ఏం మార్చినా పక్కన పొడి అక్షరాలూ తేదీ వేయాలని ఆ ఆఫీసు నియమం. ఇక్కడ అవి లేవు. అవి వేయనివాడు ఆఫీసు మొత్తానికి ఒక్కడే: ఈ ప్రోగ్రాం రాసిన, పాతికేళ్ళ అనుభవమున్న ద్వారకానాథ్. "ఇనీషియల్స్ పిల్లకాయలకి" అనేవాడు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా భయపడినా, జనవరి ఒకటి ఏ గొడవా లేకుండా గడిచింది. ఆ సాయంత్రం స్టావ్రోస్ ఇంట్లో బార్బీ, పెరట్లో మాంసం కాల్చుకు తినే విందు. ద్వారకానాథ్ గ్లాసెత్తి, "దేవుళ్ళంతా కట్టగట్టుకొచ్చినా నా ప్రోగ్రాం కూలదు" అన్నాడు.

"మా గ్రీకు కథల్లో అయాస్ అనే వీరుడు కూడా ఇలాగే అన్నాడు" అన్నాడు స్టావ్రోస్, మాంసం తిప్పుతూ. ట్రాయ్ యుద్ధం నుంచి వస్తుంటే అయాస్ ఓడ పగిలింది. ఈదుకుంటూ పోయి ఒక బండ ఎక్కాడు. నోరు మూసుకుంటే బతికేవాడే. దేవుళ్ళు వద్దన్నా బతికానని అరిచాడు. సముద్రదేవుడు త్రిశూలంతో కొట్టి ఆ బండని రెండు చేశాడు.

"ఆ బండ నా పనైతే పగిలేది కాదోయ్" అని ద్వారకానాథ్ అందర్నీ నవ్వించాడు.

ఇప్పుడు కాత్యాయని ఆ పేజీ పాతదీ కొత్తదీ తీసుకెళ్ళి ద్వారకానాథ్ ముందు పెట్టింది. వెనకే స్టావ్రోస్.

"ద్వారక్‌గారూ, ఈ లైన్ ఎవరు మార్చారండీ?"

"నీ టెస్టింగ్‌లో తప్పుంటే నన్నడుగుతావేంటమ్మా?"

"టెస్ట్ చేసినప్పుడు ఇలా లేదండీ. పక్కన ఇనీషియల్స్ కూడా లేవు. నాకు టెన్ వరకే టైముంది."

ద్వారకానాథ్ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. తీసి, తుడిచి, మళ్ళీ చదివాడు. తర్వాత స్టావ్రోస్ వైపు తిరిగాడు.

"ఈ అమ్మాయి పేరు చెప్పకు. మార్చింది నేను. మీ ఇంటికొచ్చిన మూడో రోజున. వందతో భాగించబడే ఏడాదికి లీపు ఉండదని చిన్నప్పుడే చదివాను. ఇంతమందిలో ఒక్కడికీ తెలియలేదే అని నవ్వుకుని, రెండువేలకి లీపు ఇచ్చే ఆ సగం కొట్టేశాను. నాలుగు వందలతో భాగించబడితే ఉంటుందని నాకు తెలీదు. ఈమెది పక్క బల్లే, అడిగితే చెప్పేది. జనవరి ఒకటి దాటించినవాణ్ణి, నేనొకర్ని అడగడమేమిటి అనుకున్నాను."